పైచెక్క పాడుతుంది



సాయంత్రం ఆరు దాటాక హైదరాబాదు అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో కాసేపు నిలబడితే ఊరు ఊరంతా మన ముందు నుంచే నడిచిపోతుంది. ఎర్ర లైను దిగి నీలం లైను ఎక్కేవాళ్ళు. మైత్రీవనం వైపు కోచింగులు ముగించుకుని వచ్చే పిల్లలు. అందరి వీపులకూ ల్యాప్‌టాప్ సంచులే. ఆ గుంపులో అక్కడక్కడ ఒక పొడవాటి నల్ల సంచి తలల పైకి లేచి కనిపిస్తుంది. అది గిటారు.

ఆ సంచుల్లో ఉన్నవి చాలావరకు ఫ్యాక్టరీ గిటార్లు. అందులో తప్పేమీ లేదు. నేర్చుకునే పిల్లలకు అందుబాటు ధరలో గిటారు దొరుకుతోందంటే అది ఫ్యాక్టరీల పుణ్యమే. కానీ ఇవాళ నేను మీకు చెప్పాలనుకున్నది ఇంకో రకం గిటారు గురించి. ఒక మనిషి, ఒక బల్ల, నాలుగు ఉలులు, ఒక చిత్రిక. వాటితో, చేత్తో చేసే స్పానిష్ గిటారు గురించి.

ఎక్కడి స్పెయిను, ఎక్కడి అమీర్‌పేట, మనకేం సంబంధం అనుకుంటున్నారా? సంబంధం చెక్కలోనే ఉంది. స్పెయిన్‌లో గ్రనాడా అనే ఊరుంది. అక్కడ అల్‌హంబ్రా కోటకు ఎక్కే వీధిలో గిటార్లు చేసేవాళ్ళ దుకాణాలున్నాయి. అలాంటి ఒక దుకాణంలోకి వెళ్ళి, గిటారు వెనక చెక్క ఏమిటని అడిగారనుకోండి. ముదురు గోధుమ రంగులో, ఊదా చారలతో మెరిసే ఆ చెక్క చాలాసార్లు మన దక్షిణ భారతదేశపు రోజ్‌వుడ్డే. మన తెలుగువాళ్ళు జిట్రేగి అని, ఇరుగుడు అని పిలిచే చెట్టు. మన ఇళ్ళల్లో తాతల నాటి మంచాలకు, బీరువాలకు వాడిన చెక్క. ఒకప్పుడు స్పెయిన్ పనివాళ్ళు బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను ఎక్కువ ఇష్టపడేవాళ్ళు. ఆ చెట్లు తరిగిపోయాయి. 1992 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం దాదాపు ఆగిపోయింది. అప్పటికే ఆ స్థానంలోకి మన జిట్రేగి వచ్చి కూర్చుంది.

ఇంకో బంధుత్వం కూడా ఉంది. మంచి స్పానిష్ గిటారు మీద మెరుపు చూశారా? చాలావరకు అది లక్క. మన అడవుల్లో చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే లక్క. ఏటికొప్పాక బొమ్మలకు ఆ నునుపు ఎక్కడి నుంచి వస్తుందో, గిటారుకూ అక్కడి నుంచే వస్తుంది. లక్కను స్పిరిట్‌లో కరిగిస్తారు. దూదిని గుడ్డలో మూటకట్టి, ఆ ద్రావణంలో కొద్దిగా తడిపి, చెక్క మీద గుండ్రంగా రుద్దుతారు. ఆరనిస్తారు. మళ్ళీ రుద్దుతారు. అలా రోజుల తరబడి. పూత ఎంత పల్చగా ఉంటే అంత మంచిది. మందంగా పూస్తే చెక్క గొంతు మూసుకుపోతుంది.

గొంతు అన్నాను కదా. అసలు గిటారుకు గొంతు ఎక్కడుంది?

తీగలో ఉంది అనుకుంటాం. తీగను మీటితేనే కదా మోగేది! కానీ తీగ చాలా సన్నం. అది ఒక్కటే గాలిని పెద్దగా కదిలించలేదు. తీగ కదలిక, అది ఆనే బ్రిడ్జి గుండా కింది చెక్కకు చేరుతుంది. ఆ చెక్క వణుకుతుంది. ఆ వణుకే మన చెవికి నాదమై వస్తుంది. తీగలకు కింద, మధ్యలో గుండ్రటి రంధ్రంతో కనిపిస్తుందే, ఆ చెక్క. దాన్ని పైచెక్క అందాం. గిటారులో పాడేది పైచెక్క. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. నేను మళ్ళీ మళ్ళీ దీని దగ్గరికే వస్తాను. గిటారులో పాడేది పైచెక్క.

ఈ సంగతిని రుజువు చేసి చూపించిన మనిషి పేరు ఆంటోనియో దె టోరెస్. 1817లో స్పెయిన్ దక్షిణ కొసన, అల్మేరియా పక్కన పుట్టాడు. వడ్రంగి. తర్వాత సెవిల్ నగరంలో గిటార్లు చేశాడు. ఈ రోజు ప్రపంచమంతా స్పానిష్ గిటారు అని దేన్ని అంటున్నదో, దాని రూపం, పరిమాణం ఆయన చేతిలోనే స్థిరపడ్డాయి. తీగ పొడవు 65 సెంటీమీటర్లు. అమీర్‌పేటలో ఇవాళ ఒక క్లాసికల్ గిటారు కొని కొలిచి చూడండి. పెద్దవాళ్ళు వాయించే పూర్తి సైజు గిటారైతే చాలావరకు అదే కొలత.

ఈ టోరెస్ 1862లో ఒక విచిత్రమైన పని చేశాడు. ఒక గిటారు చేశాడు. పైచెక్క మాత్రం మంచిది పెట్టాడు. పక్కలకూ వెనకకూ చెక్కే వాడలేదు. కాగితపు గుజ్జు అట్టతో చేశాడు. అవును, అట్టతోనే! పైచెక్క బాగుంటే మిగతాది అట్టయినా గిటారు పలుకుతుందని చూపించడానికి. ఆ గిటారు ఇప్పుడు బార్సిలోనాలోని సంగీత మ్యూజియంలో ఉంది. మన జిట్రేగి చెక్క అందమైనదే, నాదానికి రంగు అద్దేదే. కానీ పాడేది పైచెక్క.

మరి ఆ పైచెక్కను ఎలా చేస్తారు?

అది జిట్రేగి లాంటి గట్టి చేవ చెక్క కాదు. సాధారణంగా తేలికైన స్ప్రూస్. చలి దేశాల్లో, కొండల మీద మెల్లగా పెరిగే చెట్టు. మెల్లగా పెరుగుతుంది కాబట్టి దానిలో ఏటేటి గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి. అలాంటి చెక్క తేలికగా ఉంటుంది, బిగువుగానూ ఉంటుంది. దుంగలోంచి ఒక పలక తీసి, దాన్ని మందంలో రెండుగా కోసి, పుస్తకం తెరిచినట్టు తెరిచి, పక్కపక్కన అతికిస్తారు. అప్పుడు ఎడమవైపు గీతలూ కుడివైపు గీతలూ అద్దంలో చూసుకున్నట్టు కలుస్తాయి.

ఇక చిత్రిక పట్టడం మొదలు. ఇక్కడే అసలు పని ఉంది. పలకను పల్చన చేస్తూ పోవాలి. ఎంత వరకు? సుమారు రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్ల వరకు. మీ పర్సులోని ఏటీఎం కార్డులు మూడు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. దాదాపు అంతే. ఆ పలక మీద ఆరు తీగలు కలిపి సుమారు 40 కిలోల బలంతో లాగుతూ ఉంటాయి. ఏళ్ళ తరబడి. పగలూ రాత్రీ. మందంగా ఉంచితే పలక విరగదు, కానీ పలకదు. మరీ పల్చన చేస్తే మొదట్లో బాగా పలుకుతుంది, కొన్నాళ్ళకు వంగిపోతుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఆగాలి. ఎక్కడ?

ఫ్యాక్టరీ యంత్రానికి ఆ ప్రశ్న లేదు. దానికి ఒక అంకె ఇస్తారు. ప్రతి పలకనూ ఆ అంకెకే కోస్తుంది. కానీ ఒకే చెట్టు నుంచి తీసిన రెండు పలకలు కూడా ఒకేలా ఉండవు. ఒకటి కొంచెం బిగువు, ఒకటి కొంచెం మెతక. చేత్తో చేసేవాడు పలకను రెండు చేతులా పట్టుకుని మెల్లగా వంచి చూస్తాడు. రెండు వేళ్ళతో ఒక చోట పట్టుకుని, వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టి వింటాడు. మళ్ళీ కాస్త పొట్టు తీస్తాడు. మళ్ళీ తడతాడు. మొద్దుగా వచ్చే చప్పుడు క్రమంగా తేటపడుతుంది. ఒక దశలో పలక గణగణమంటుంది. అక్కడ ఆగాలి. ఆగడం తెలియకపోతే, అప్పటిదాకా చేసిన పనంతా పోయినట్టే. తీసిన పొట్టును మళ్ళీ అతికించలేం కదా.

టోరెస్ ముసలితనంలో ఆయనను ఎరిగిన ఒక పాద్రీ ఆ తర్వాత ఈ సంగతి రాసిపెట్టాడు. మీ రహస్యం మీతోనే పోతుందా, ఎవరికైనా చెప్పండి అని ఆయనను అడిగారట. టోరెస్ చెప్పిన జవాబు భావం ఇది. నా రహస్యం నా బొటనవేలి కొసలో, చూపుడువేలి కొసలో ఉంది. పలకను ఆ రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే సరిపోయిందో లేదో అవే చెబుతాయి. దాన్ని నేను ఎవరికి ఇవ్వగలను? 1892లో ఆయన కన్నుమూశాడు.

పలక సిద్ధమయ్యాక, దాని లోపలివైపు సన్నటి బద్దలు అతికిస్తారు. విసనకర్ర ఈనెల్లా పరుచుకునే బద్దలు. టోరెస్‌కు ముందే ఇలాంటి బద్దలు పెట్టేవాళ్ళున్నారు. ఆయన ఏడు బద్దలతో ఆ పద్ధతికి ఒక తీరు తెచ్చాడు. పల్చటి పలకకు బలం ఆ బద్దలదే. ఒక్కో బద్దను కూడా గీరుతూ, తడుతూ, వింటూ సరిచేస్తారు. బయటికి కనిపించని పని ఇది. గిటారు మూసేశాక ఆ బద్దలను ఇక ఎవరూ చూడరు.

పక్క చెక్కలను వంచడం చూడముచ్చటైన పని. రెండు మిల్లీమీటర్ల జిట్రేగి పట్టీ. దాన్ని తడిపి, వేడెక్కిన ఇనుప గొట్టానికి ఆనించి, మెల్లగా నొక్కుతారు. చుయ్యిమని ఆవిరి లేస్తుంది. గులాబీ వాసన లాంటి తియ్యటి వాసన వస్తుంది. చెక్క మెత్తబడి నడుము వంపు తిరుగుతుంది. తొందరపడితే టప్పున విరుగుతుంది. ఆ తర్వాత పైచెక్కను బోర్లా పెట్టి, మెడ అతికించి, మెడ కింద కోసిన గాట్లలోకి పక్క చెక్కలను దూర్చి, చివర్లో వెనక చెక్కతో మూస్తారు. ఇది స్పెయిన్ పద్ధతి. అతకడానికి చాలామంది సరేసు వాడతారు. మన వడ్రంగులు ఒకప్పుడు డబ్బాలో కాచి వాడిన జిగురే. దానికొక గొప్ప గుణం ఉంది. వేడి తగిలితే అతుకు ఊడుతుంది. అంటే వందేళ్ళ తర్వాత ఇంకొకరు ఆ గిటారును విప్పి బాగుచేయగలరు.

ఇక్కడ ఒక్క నిమిషం స్పెయిన్ వదిలి మన బొబ్బిలికి వద్దాం.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే సర్వసిద్ధి కుటుంబాలున్నాయి. వాళ్ళు చేసేది ఏకాండి వీణ. పనస దుంగ ఒక్కటి తీసుకుంటారు. కుండ, దండి, అన్నీ ఆ ఒక్క దుంగలోంచే. గిటారు చేసేవాడు పల్చటి చెక్కలను వంచి, అతికించి, ఒక పెట్టె కడతాడు. వీణ చేసేవాడు దుంగను లోపలికి తొలుస్తూ పోతాడు. దారులు వేరు. కానీ వీణకూ కుండ మీద ఒక పల్చటి పలక మూత ఉంటుంది. దాన్నీ చెవితోనే తేలుస్తారు. ఎంత తొలవాలి, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్న గొల్లపల్లిలోనూ అదే, గ్రనాడాలోనూ అదే.

ఒక తేడా మాత్రం చాలా ఆసక్తిగా ఉంటుంది. వీణ మెట్లను మైనంలో గుచ్చుతారు. 24 మెట్లు. శ్రుతి కుదరకపోతే మైనం కరిగించి, మెట్టు జరిపి, మళ్ళీ చెవితో సరిచూడొచ్చు. గిటారుకు ఆ వెసులుబాటు లేదు. మెడ మీద రంపంతో గాటు పెట్టాక ఇక ఆ మెట్టు కదలదు. 12వ మెట్టు సరిగ్గా తీగకు సగంలో రావాలి. వెంట్రుకవాసి తప్పినా అది జీవితాంతం అపశ్రుతే. కాబట్టి గిటారు చేసేవాడికి ఒక చోట ఖచ్చితమైన లెక్క కావాలి. ఇంకో చోట లెక్కను పక్కనపెట్టే చెవి కావాలి. మెట్ల దగ్గర లెక్క. పైచెక్క దగ్గర చెవి.

బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయినా ఇవాళ ఆ ఊళ్ళో పెద్ద వీణలకన్నా చిన్న బొమ్మ వీణలే ఎక్కువ అమ్ముడవుతాయి. సన్మాన సభల్లో జ్ఞాపికలుగా ఇచ్చే బుల్లి వీణలు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఆ పనివాళ్ళ ఇంట్లో పొయ్యి వెలిగేది చాలావరకు వాటివల్లే. కానీ బొమ్మ వీణను ఎవరూ వాయించరు. ఎవరూ వాయించని వీణకు చెవి పెట్టి వినాల్సిన పనిలేదు. ఆ పని చేసే చేతికి ఉలి మిగులుతుంది, చెవి మిగలదు.

నేను ఇవాళ మీ ముందు పెట్టాలనుకున్న అసలు సంగతి ఇదే. చేత్తో చేసే వాద్యం బతకాలంటే చేసేవాడు ఒక్కడే చాలడు. పక్కన వాయించేవాడు కావాలి. ఇది బాగాలేదు, ఇది బాగుంది అని చెప్పేవాడు కావాలి.

టోరెస్‌కు అలాంటి మనిషి దొరికాడు. హులియాన్ ఆర్కాస్ అనే వాద్యకారుడు ఆయనను ప్రోత్సహించాడు. తర్వాత ఫ్రాన్సిస్కో టార్రెగా అనే ఇంకో వాద్యకారుడు, యువకుడిగా ఉన్నప్పుడు, 1869లో టోరెస్ గిటారు ఒకటి కొనుక్కుని ఏళ్ళ తరబడి దాని మీదే వాయించాడు. ఆ గిటారు గొంతు ఆయన సంగీతాన్ని తీర్చింది.

ఇంకో కథ వినండి. జర్మనీలో మ్యూనిక్ నగరం. 1924. హెర్మన్ హౌజర్ అనే పనివాడు సెగోవియా అనే గిటారు వాద్యకారుడి కచేరీకి వెళ్ళాడు. సెగోవియా చేతిలో మాడ్రిడ్‌లో రామిరెస్ కార్ఖానాలో చేసిన 1912 నాటి గిటారు ఉంది. హౌజర్ దాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. అప్పటి నుంచి గిటార్లు చేస్తూనే ఉన్నాడు. సెగోవియా వాటిని వాయించి చూసి, ఇంకా రాలేదు అంటూనే ఉన్నాడు. చివరికి 1937లో చేసిన గిటారును సెగోవియా అంగీకరించాడు. ఆ తర్వాత దాదాపు పాతికేళ్ళు ఆయన చేతిలో మోగింది అదే. ఇప్పుడు ఆ రెండు గిటార్లూ న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. పదమూడేళ్ళు! ఒకరు చేస్తూ, ఒకరు కాదంటూ. ఆ కాదనడంలోనే మంచి గిటారు పుట్టింది.

మన దగ్గరా ఇలాంటిది జరిగింది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతికి మాండొలిన్ వచ్చింది. అది పడమటి దేశాల వాద్యం. జంట జంటగా ఎనిమిది తీగలు. కర్ణాటక సంగీతపు గమకం పలకాలంటే ఆ జంట తీగలు అడ్డం. ఆయన ఒంటి తీగలు పెట్టించుకున్నాడు. నాలుగింటికి తోడు ఐదో తీగ చేర్చాడు. కరెంటు మాండొలిన్ పట్టాడు. వాయించేవాడు అడిగాడు, వాద్యం మారింది. తర్వాత ప్రపంచమంతా ఆయనను మాండొలిన్ శ్రీనివాస్ అనే పిలిచింది.

సరే, అమీర్‌పేటకు తిరిగి వద్దాం. మీ ఇంట్లో గిటారు ఉందనుకోండి. కొత్తగా కొనబోతున్నారనుకోండి. ఇదంతా మీకు ఎలా పనికొస్తుంది?

మొదటి సంగతి. దుకాణంలో ఒక్క ప్రశ్న అడగండి. పైచెక్క ఒకే పలకా, ప్లైవుడ్డా? చౌక గిటార్లలో పైచెక్క ప్లైవుడ్. పొరలు పొరలుగా అతికించింది. అది గట్టిది, ఎండావానలకు తట్టుకుంటుంది, నేర్చుకోవడానికి చాలు. కానీ ఏళ్ళు గడిచినా దాని గొంతు పెద్దగా విచ్చుకోదు. ఒకే పలకతో చేసినది ఖరీదు కొంచెం ఎక్కువ. బాగా పలుకుతుంది. ఎలా గుర్తుపట్టాలి? గుండ్రటి రంధ్రం అంచు చూడండి. పైన కనిపించే సన్నటి గీతలు అంచు మందంలోకి కూడా అలాగే దిగితే అది పలక. అంచులో పొరలు కనిపిస్తే ప్లైవుడ్.

రెండో సంగతి. మన హైదరాబాదు వాతావరణం. చెక్క చెట్టు నుంచి వేరైనా గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూనే ఉంటుంది. ఆగస్టు ముసురులో ఉబ్బుతుంది. ఏప్రిల్, మే నెలల పొడిగాలికి ముడుచుకుంటుంది. ఏసీ గది ఇంకా పొడి. ఒకే పలక పైచెక్క ఉన్న గిటారును ఎండాకాలంలో గోడకు తగిలించి వదిలేస్తే గీతల వెంట పగలొచ్చు. పెట్టెలో పెట్టండి. పెట్టెలో తేమనిచ్చే చిన్న గొట్టం ఒకటి ఉంచండి. కారు డిక్కీలో మాత్రం ఎప్పుడూ వదలకండి. ఎండకు కాగిన డిక్కీలో జిగురు మెత్తబడుతుంది, బ్రిడ్జి లేచిపోతుంది.

మూడో సంగతి అన్నిటికన్నా ముఖ్యం. మన ఊళ్ళో గిటార్లు బాగుచేసే పనివాళ్ళున్నారు. మెట్లు అరిగితే మార్చేవాళ్ళు. తీగ ఎత్తు దించేవాళ్ళు. పగిలిన పలక అతికేవాళ్ళు. మీ గిటారు ఎక్కడో జరజరమంటే, వేలు నొప్పి పుడుతుంటే, కొత్తది కొనే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఇచ్చేసి వెళ్ళిపోకండి. పక్కన కూర్చోండి. ఇక్కడ మొద్దుగా వస్తోంది, ఇక్కడ తేటగా కావాలి అని చెప్పండి. వాళ్ళు చేసింది వాయించి చూపించండి. బాగాలేకపోతే మర్యాదగా కాదనండి. బాగుంటే మనసారా మెచ్చుకోండి.

ఎందుకంటే బాగుచేసే పని నుంచే చేసే పని మొదలవుతుంది. వంద గిటార్లు విప్పి చూసిన చేతికి, లోపలి బద్దలు ఎలా ఉండాలో తెలుస్తుంది. మనకు చెక్క ఉంది. లక్క ఉంది. వీణ చేసిన చేతుల వారసత్వం ఉంది. అమీర్‌పేట, పంజగుట్ట గల్లీల్లో ఈ రోజు గిటారు నేర్చుకుంటున్న పిల్లలున్నారు. సెగోవియాలా ఇంకా రాలేదు అని చెప్పగలిగేంతగా వాళ్ళ చెవులు తయారైతే, వాళ్ళ కోసం చెక్కను తట్టి వినే పనివాడు ఇక్కడే పుట్టక తప్పదు.

కాబట్టి అమ్మలారా, నాన్నలారా, పిల్లలకు గిటారు కొనిచ్చినప్పుడు పాటలు నేర్పించడంతో ఆపకండి. రెండు గిటార్లు పక్కపక్కన పెట్టి ఒకే తీగ మీటించండి. ఏది బాగుందని అడగండి. ఎందుకు బాగుందని కూడా అడగండి. జవాబు వెంటనే రాకపోయినా పరవాలేదు, మళ్ళీ మీటించండి.